టీవీలో ముగ్గురంటే ముప్పై మందా?

సరిహద్దులో ఏ చిన్న గొడవ జరిగినా మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఒక పాత మెసేజ్ మళ్లీ వచ్చి పడుతుంది. పోయినసారి ప్రొద్దుటూరు నుంచి మా బామ్మర్ది పంపాడు. ఈసారి బద్వేలు దగ్గర పనిచేసే అయ్యవారు ఒకాయన పంపాడు. ఒక్క అక్షరం మారలేదు. చివర దండం పెట్టే బొమ్మలు మాత్రం పెరిగాయి.

అందులో ఉన్నది ఇదీ: "టీవీలో ముగ్గురు పోయారంటే ముప్పై మంది పోయారని లెక్క. ఇంట్లోవాళ్లకు రోజుల తరబడి చెప్పరు, టీవీలో వచ్చాకే కబురు చేస్తారు. పెట్టెకు సీలు వేసి పంపుతారు, లోపల ఎవరున్నారో దేవుడికే ఎరుక. కాగితాల్లో అమరవీరుడని రాయరు కాబట్టి కుటుంబానికి పైసా రాదు. పెన్షన్ ఎగ్గొట్టడానికి కొందర్ని మిస్సింగ్ అని రాసేస్తారు. ప్రతి ఫౌజీ ఇంటికీ చేరేదాకా షేర్ చేయండి."

నేను మిలిటరీలో క్లర్కుగా చేరి హవల్దారుగా బయటికొచ్చినవాణ్ని. తుపాకీ పట్టిన రోజుల కన్నా రిజిస్టర్లు పట్టిన రోజులే ఎక్కువ. చావు కబురు యూనిట్ నుంచి ఇంటికి ఏ దారిన పోతుందో కాగితాల వైపు నుంచి చూశాను. అయ్యవారికి గ్రూపులోనే నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ఇంత పొడుగైంది.

ముందు ఆ ముగ్గురు, ముప్పై లెక్క చూద్దాం. ఇది లడఖ్‌లోని గాల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణ తర్వాత పుట్టిన మాటలా ఉంది. 2020 జూన్ 16 మధ్యాహ్నం సైన్యం చేసిన ప్రకటనలో ఒక ఆఫీసరు, ఇద్దరు జవాన్లు చనిపోయారని ఉంది. ఆ రాత్రి ఇంకో ప్రకటన వచ్చింది. తీవ్రంగా గాయపడి, ఆ ఎత్తులో గడ్డకట్టే చలిలో చిక్కుకున్న 17 మంది కూడా ప్రాణాలు వదిలారని, మొత్తం 20 మంది అని. మూడు ఇరవై అయిన మాట నిజమే. అయితే ఆ రెండో లెక్క ఎవరో కూపీ లాగితే బయటపడింది కాదు, అదే రోజు సైన్యమే చెప్పింది. మొదటి రిపోర్టు ఎప్పుడూ అరకొరగానే ఉంటుంది. గాయపడినవాళ్లు ఆసుపత్రికి చేరాలి, కనబడనివాళ్లను వెతకాలి, పేరూ నంబరూ సరిచూడాలి. అప్పటిదాకా చేతిలో ఉన్నదే చెబుతారు.

ఇంతకన్నా తేలిక లెక్క ఒకటుంది. ముప్పై మంది పోతే ముగ్గురన్నారంటే, మిగతా ఇరవై ఏడు ఊళ్లలో ఏడుపు పక్కింటికి కూడా వినపడలేదనాలి. మన దగ్గర అది జరిగే పనేనా? 2025 మేలో గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు నియంత్రణ రేఖ దగ్గర చనిపోతే, ఆ తండాకు దారి తెలియనివాళ్లంతా దారి కనుక్కొని వెళ్లారు. ఒక్క పేరు దాయాలంటే ఒక ఊరి నోరు మొత్తం మూయాలి. కార్గిల్‌లో 527 మంది అన్నారు. వాళ్ల పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, ఊళ్లలో విగ్రహాలున్నాయి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల పేర్లు దాదాపు 26 వేలు చెక్కారు. లెక్కలో తప్పుందనుకున్నవాళ్లు ఆ గోడ మీద లేని పేరు ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, మెసేజ్ అక్కర్లేదు.

అంకెలు దాచే సైన్యాలు లేవని నేను అనడం లేదు. గాల్వాన్‌లో తమవాళ్లు నలుగురు పోయారని చైనా ఒప్పుకుంది 2021 ఫిబ్రవరిలో, అంటే ఎనిమిది నెలలకు. రష్యా 2022 సెప్టెంబరులో యుక్రెయిన్‌లో 5,937 మంది పోయారని చెప్పి, ఆ తర్వాత మొత్తం లెక్క చెప్పడం మానేసింది. అయినా అక్కడి విలేకరులు ఊరూరి సంతాప ప్రకటనలు, కొత్త సమాధులు చూసి పేరు పేరునా జాబితా రాసుకుంటూ వస్తున్నారు. దేశం మొత్తం మీద ఎంతమందో దాయగలిగారు కానీ, ఏ ఊరికా ఊళ్లో ఎవరు పోయారో దాయలేకపోయారు.

ఇక "ఇంట్లోవాళ్లకు చివర్లో చెబుతారు" అన్న మాట. మెసేజ్‌లో నన్ను ఎక్కువ నొప్పించింది ఇదే, ఎందుకంటే ఇది సరిగ్గా తలకిందుల మాట. జవాను చనిపోతే యూనిట్ నుంచి రిపోర్టు పైకి పోతుంది, రికార్డ్ ఆఫీసుకు పోతుంది. ఆర్టిలరీ వాళ్లకైతే నాసిక్‌లో, మద్రాస్ రెజిమెంట్‌కైతే వెల్లింగ్టన్‌లో, బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ వాళ్లకు మన సికింద్రాబాద్‌లో ఉంటుంది ఆ ఆఫీసు. ఇంటికి మామూలుగా యూనిట్ నుంచే ఫోన్ వస్తుంది. ఫోన్ కలవకపోతే, లేదా ఇంట్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరని తెలిస్తే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానో పోలీసుల ద్వారానో మనిషిని పంపిస్తారు. పేరు బయటికి చెప్పేది ఆ తర్వాతే. టీవీ వాళ్లు మధ్యాహ్నం "ముగ్గురు మృతి" అని వేసి పేర్లు వేయకపోతే, అది దాచడం కాదు. ఎక్కడో ఒక ఇంటికి ఇంకా కబురు చేరలేదని అర్థం.

మరి "మాకు టీవీలోనే తెలిసింది" అని ఏడ్చే తల్లిదండ్రుల సంగతేమిటి? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇక్కడ బయటివాళ్లకు తెలియని చిక్కు ఒకటుంది. ప్రతి జవాను రికార్డులో నెక్స్ట్ ఆఫ్ కిన్, అంటే అందరికన్నా దగ్గరి బంధువు, అని ఒకరి పేరు ఉంటుంది. పెళ్లి కానంతవరకు అమ్మో నాన్నో. పెళ్లయ్యాక ఆ సంగతి రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డర్ యూనిట్ ఆఫీసులో పడుతుంది, అప్పటి నుంచి భార్య. ఫోన్ మొదట ఆమెకే పోతుంది. ఆమె పుట్టింట్లో ఉందనుకోండి, కబురు అటు పోతుంది, అత్తగారింటికి ఆలస్యంగా వస్తుంది. గాల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు భార్య ఢిల్లీలో ఉన్నారు, తల్లిదండ్రులు సూర్యాపేటలో. కబురు ముందు ఆమెకు చేరింది, పెద్దవాళ్లకు తర్వాత తెలిసింది. ఇక పార్ట్ టూ ఆర్డరే పడకపోతే రాద్ధాంతం ఇంకో రకంగా ఉంటుంది. పెళ్లయి మూడేళ్లయినా ఆర్డరు వేయించుకోని కుర్రాళ్లను చూశాను. సెలవు నుంచి వస్తూ పెళ్లి ఫోటో తేవడం మర్చిపోయానంటారు. రికార్డులో ఇంటి ఫోన్ అని ఊళ్లో కిరాణా అంగడి నంబరు ఇచ్చినవాళ్లూ ఉన్నారు.

మా నాయన కాలంలో టెలిగ్రామ్ వచ్చేది. విప్పకముందే ఏడుపు మొదలయ్యేది, ఎందుకంటే మా ఊరికి మంచి కబురుతో టెలిగ్రామ్ ఎప్పుడూ రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆఫీసరు చస్తే టెలిగ్రామ్ ఇచ్చేది, మామూలు సిపాయి చస్తే పోస్టులో ఫారం పంపేది, ఖాళీల్లో పేరు నింపి. చావు కబురులోనూ ర్యాంకులే. అమెరికాలో 1965 నవంబరులో వియత్నాంలో ఇయా డ్రాంగ్ దగ్గర యుద్ధం జరిగినప్పుడు టెలిగ్రాములు టాక్సీ డ్రైవర్ల చేత ఇళ్లకు పంపించారు. అక్కడి కమాండర్ భార్య జూలియా మూర్ ఆ టాక్సీల వెనక తనే ఇంటింటికీ వెళ్లి, పైవాళ్లతో గొడవపడ్డాక ఆ పద్ధతి మారింది. ఇప్పుడక్కడ యూనిఫాంలో ఇద్దరు ఇంటికొచ్చి చెబుతారు, చెప్పిన 24 గంటల దాకా పేరు బయటపెట్టరు. ఆఫ్ఘనిస్తాన్‌లో బ్రిటిష్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఎవరైనా పోతే ఇంటికి కబురు చేరేదాకా క్యాంపులో మిగతా జవాన్ల ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేసేవాళ్లు, ఏ దోస్తూ తొందరపడి ఊరికి చెప్పకుండా. మనం వాట్సాప్‌లో చేసేది సరిగ్గా ఆ దోస్తు పనే.

నన్నడిగితే సైన్యాలు ఆలస్యంతో కన్నా తొందరతో ఎక్కువ దెబ్బ తీశాయి. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19 వేల అడుగుల పైన సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి, మద్రాస్ రెజిమెంట్ వాళ్లు పది మంది దాని కింద చిక్కుకున్నారు. అందులో ఒకడు మన కర్నూలు జిల్లా కుర్రాడు. మరునాడే ఇక ఆశ లేదన్నారు, ఢిల్లీ నుంచి సంతాపాలు వచ్చేశాయి. ఫిబ్రవరి 8 రాత్రి తవ్వుతుంటే ధార్వాడ జిల్లా లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఊపిరితో దొరికాడు. ఢిల్లీ ఆసుపత్రిలో 11న కన్నుమూశాడు. ఒకడు బతికి దొరికాడన్న మాట వినగానే కర్నూలు ఇంట్లోనూ మిగతా ఇళ్లలోనూ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఏడ్చి ఏడ్చి గుండె దిటవు చేసుకున్నవాళ్లకు మళ్లీ ఆశ పుట్టింది. అది కూడా నిలవలేదు. సైన్యాన్ని నిలదీయాలంటే ఇక్కడ నిలదీయొచ్చు. మెసేజ్ రాసినవాడికి ఈ సంగతే తెలియదు.

సీలు పెట్టె మాట మన కడప వైపు ఎందుకు అంత తొందరగా నమ్ముతారో నాకు తెలుసు. రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు పనికి పోయి చనిపోయినవాళ్ల పెట్టె చూడని ఊరు లేదు. అక్కడ చావు కబురు గదిలో ఉన్న స్నేహితుడి ఫోన్ ద్వారా వస్తుంది, మనిషి కాగితాలన్నీ తిరిగి తిరిగి వారాల తర్వాత వస్తాడు. ఆ అనుమానాన్నే ఇక్కడికి తెచ్చి అతికించారు. సైన్యం పెట్టె వేరు. యూనిట్ నుంచి ఒకరిద్దరు, మామూలుగా తోటి జవాన్లే, పెట్టె వెంట ఊరిదాకా వస్తారు. లోపల ఎవరున్నారో వాళ్లకు తెలుసు, తమ చేతులతో ఎత్తిపెట్టినవాళ్లే. పెట్టె తెరవొద్దని వాళ్లు మెల్లగా చెప్పారంటే, తల్లి చూడకూడనిది లోపల ఉందని అర్థం. కార్గిల్ ముందు యుద్ధాల్లో మామూలుగా పెట్టెలు వచ్చేవి కావు. మనిషిని అక్కడే దహనం చేసి, ఇంటికి ఉత్తరం, ట్రంకు పెట్టె పంపేవాళ్లు.

అమరవీరుడు అని రాయరన్నది నిజం. షహీద్ అనే మాట సైన్యం రూల్సులో లేదని రక్షణ శాఖ 2017లో కేంద్ర సమాచార కమిషన్‌కు చెప్పింది. రాసేది బ్యాటిల్ క్యాజువల్టీ (పోరులో పోయినవాడు), లేకపోతే ఫిజికల్ క్యాజువల్టీ (ప్రమాదం, జబ్బు లాంటివాటితో పోయినవాడు). డబ్బుకు ఆ బిరుదుతో ఏ సంబంధమూ లేదు, ఎలా చనిపోయాడన్న దానితోనే ఉంది. 2016 జనవరి 1 నుంచి వచ్చిన కేంద్రం లెక్కలో ఎక్స్‌గ్రేషియా డ్యూటీలో ప్రమాదానికి 25 లక్షలు, సరిహద్దు ఘర్షణకు 35 లక్షలు, యుద్ధంలో శత్రువు దాడికి 45 లక్షలు. రెగ్యులర్ జవాను కుటుంబానికి యుద్ధంలో పోతే చివరి జీతమంతా పెన్షన్‌గా వస్తుంది, డ్యూటీ కారణంగా మామూలు చావైతే అందులో 60 శాతం. కాబట్టి కుటుంబం పట్టుకుని కూర్చోవాల్సింది కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే ఆ చావు మీద సైన్యం జరిపే విచారణ, కాగితం. అందులో కారణం ఏమని రాశారు, డ్యూటీకి సంబంధం ఉందన్నారా లేదా?

సైన్యం మాట గుడ్డిగా నమ్మకూడని చోటు ఏదైనా ఉందంటే అది ఈ కారణమే. 2004 ఏప్రిల్‌లో ఆఫ్ఘనిస్తాన్‌లో చనిపోయిన పాట్ టిల్‌మన్ అమెరికాలో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. శత్రువు కాల్పుల్లో పోయాడని ఇంట్లోవాళ్లకు చెప్పారు, పతకమూ ఇచ్చారు. తోటివాళ్ల తూటాలకే పోయాడని ఐదు వారాల తర్వాత చెప్పారు. చావు దాగలేదు, కారణం దాగింది. మెసేజ్‌లో ఈ ఒక్క ముక్క రాసి ఉంటే నేనూ షేర్ చేసేవాణ్ని.

చివరిది మిస్సింగ్. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో రోహ్తాంగ్ దగ్గర మాయమైన ఏఎన్-12 విమానం సంగతి చూడండి. ఆ మంచులోంచి 2024 సెప్టెంబరులో కూడా నలుగురి శవాలు దొరికాయి. ఒకాయన్ని జేబులో ఉన్న పే బుక్ చూసి గుర్తుపట్టారు. మిస్సింగ్ అంటే అలా, నిజంగా దొరకకపోవడం. చట్టం ప్రకారం ఏడేళ్లు జాడ లేకపోతే చనిపోయినట్టు భావిస్తారు గానీ, ఫ్యామిలీ పెన్షన్‌కు అన్నేళ్లూ ఆగక్కర్లేదు.

కుటుంబాన్ని నిజంగా ముంచేది వేరే మాట, డెజర్టర్. సెలవు అయిపోయి బయల్దేరిన కుర్రాడు యూనిట్‌కు చేరకపోతే, ముప్పై రోజులు దాటాక ఎంక్వైరీ పెట్టి పారిపోయాడని రాస్తారు. అతను రైల్లోంచి పడ్డాడా, ఎవరైనా ఏమైనా చేశారా అన్నది ఆ కాగితానికి తెలియదు. అందుకే పిల్లవాడు గుంతకల్లులో రైలెక్కి యూనిట్‌కు చేరలేదని తెలిసిన రోజే పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకుని, దాని కాపీ యూనిట్‌కూ రికార్డ్ ఆఫీసుకూ స్పీడ్ పోస్టులో పంపాలి.

ఇదంతా గ్రూపులో పెట్టాక అయ్యవారు రాత్రి ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి జమ్మూలో ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. "అన్నా, వానికి పోయిన ఏడాది పెండ్లి చేసినాము. ఆ పార్ట్ టూ ఆర్డర్ పడిందో లేదో ఎట్లా తెలుసుకునేది?" అని అడిగాడు.