రెండో మాటా, మూడో మాటా

ఉద్దానం వైపు బాప్టిస్టు చర్చిల్లో గుడ్ ఫ్రైడే అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కదలకుండా కూర్చోవడమే. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్నీ ఏడుగురికి పంచుతారు. రెండో మాట పక్క సిలువ మీది దొంగతో అన్నది: "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" (లూకా 23:43). మూడోది తల్లిని శిష్యుడికి అప్పగిస్తూ అన్నది: "అమ్మా, యిదిగో నీ కుమారుడు" (యోహాను 19:26). ఈ వాదంలో రెండో మాట అయ్యగారిది. పాస్టరుని ఇక్కడ అలాగే పిలుస్తారు. మూడో మాట రిటైరైన నర్సమ్మది. తేలాల్సిందల్లా, చావుకి సిద్ధపడటమంటే ఏం చెయ్యాలన్నది.

అయ్యగారు: నా మట్టుకు సంగతి ఒక్కటే. పోయే ముందు మనిషి క్రీస్తును నమ్మాడా లేదా? దొంగనే తీసుకోండి. మత్తయి 27:44 ప్రకారం మొదట ఇద్దరు దొంగలూ యేసును నిందించినవాళ్ళే. సిలువ వేసింది మూడో గంటకి అంటాడు మార్కు, అంటే మన తొమ్మిదింటికి. యేసు ప్రాణం విడిచింది మన మూడింటి వేళ. ఈ ఆరు గంటల్లోనే ఎక్కడో వాడి మనసు మారింది. బాప్తిస్మం లేదు, కానుక లేదు, ఒక్క ఆరాధనకి వచ్చింది లేదు. అయినా పరదైసు దొరికింది. ముందు నీ బాకీలు తీర్చుకుని రా అని యేసు వాడితో అనలేదు.

నర్సమ్మ: అనడానికి వాడి చేతులేవి అయ్యగారూ? సిలువకి బిగించి ఉన్నాయి. ఆడుతున్నది నోరొక్కటే. ఆ నోటితో చెయ్యగలిగినవన్నీ చేసేడు. పక్కవాడిని మందలించేడు, మనకిది న్యాయమేనని తన తప్పు ఒప్పుకున్నాడు, ఈయన ఏ తప్పూ చెయ్యలేదని సాక్ష్యం చెప్పేడు, నన్ను జ్ఞాపకం చేసుకోమని అడిగేడు. చేతులాడుతున్న సుంకరి జక్కయ్య మరేటి చేసేడు? ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. అది విన్నాకే కదా, "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు ప్రభువు.

అయ్యగారు: ఇక్కడే నాకు భయం. మీరు చెప్పే పనులన్నీ ముగిస్తేనే పరలోకమని జనం అనుకుంటారు. ఎఫెసీ 2:8 ఏమంటుంది? "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు." అది దేవుని వరం, మన కూలి కాదు. ఇంకో మాట. రెండో మాట ముందు, మూడో మాట తరవాత. ఆ వరస మార్చకండి.

నర్సమ్మ: ఆ వరస బైబిల్లో ఎక్కడుంది? రెండోది లూకా రాసేడు, మూడోది యోహాను రాసేడు. ఏది ముందో ఇద్దరూ చెప్పలేదు. వరస మనవాళ్ళు కూర్చుకున్నది. అయినా నేను చెప్పే పనులు పరలోకం కోసం కాదు, వెనక మిగిలిపోయే ఇంటి కోసం.

అయ్యగారు: సరే, ఇంటి సంగతికి వద్దాం. మంచం మీద మనిషి ఉన్నాడు. ఇంక రెండు రోజులో మూడు రోజులో. నేను వెళ్ళాలా, వద్దా?

నర్సమ్మ: వెళ్ళండి. ఎప్పుడు వెళ్తారన్నదే నా తగువు. కవిటి, సోంపేట, కంచిలి, మందస పక్క మంచాన పడ్డ ఇళ్ళలో చాలాచోట్ల జబ్బు కిడ్నీలదే. డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మిషను దిగిన పూట మనిషి పిప్పయిపోయి ఉంటాడు. మర్నాడు పొద్దున్న తేటగా ఉంటాడు, మాట్లాడితే అప్పుడు మాట్లాడాల. రెండు విడతలు తప్పిపోయిన మనిషికి ఒంట్లో విషం పెరిగి మగత కమ్ముతుంది, కొడుకుని చూసి తమ్ముడనుకుంటాడు. ఆ మగతలో పదిహేనుమంది చుట్టూ నిలబడి 'ఆమేన్ అను, ఆమేన్ అను' అంటే, వచ్చిన ఆమేన్ ఎవరిది? మీదా, వాడిదా?

అయ్యగారు: మగతలోంచి వచ్చే మూలుగు కూడా దేవుడికి వినబడుతుంది. అయితే ఒకటి ఒప్పుకుంటాను. 'నా వెనక చెప్పు' అని చేయించే ప్రార్థన మంచం దగ్గర పనికిరాదు. అలసిన మనిషి మనల్ని పంపించెయ్యడానికే చెప్పేస్తాడు. ఇద్దరు ముగ్గురికి మించి వెళ్ళకూడదు. నిలబడి కాదు, కుర్చీ వేసుకుని ఆయన కళ్ళ ఎత్తులో కూర్చోవాలి. దేనికి భయంగా ఉందని అడిగి ఊరుకోవాలి. పాపం ఒప్పుకోవడం, క్రీస్తు మీద ఆనుకోవడం ఆయన సొంత మాటల్లో రావాలి, మూడు ముక్కలైనా చాలు. పది నిమిషాల్లో లేచి వచ్చెయ్యాలి.

నర్సమ్మ: జవాబు చెప్పలేని స్థితికి వచ్చేక ఇంక అడగొద్దు. చెవి దగ్గర 23వ కీర్తన మెల్లగా చదవండి, వినికిడి చివరిదాకా ఉండొచ్చు. 'నోటితో ఒప్పుకోలేదు, ఏటైపోయాడో' అని బయటికొచ్చి వసారాలో అనొద్దు. ఆ మాట పెళ్ళాం చెవిలో పడితే బతికినన్నాళ్ళూ ఒగ్గదు.

అయ్యగారు: అనేవాళ్ళున్నారు, నిజమే. బల్ల ఇవ్వమని, అంటే ప్రభు భోజనపు రొట్టే ద్రాక్షరసమూ ఇవ్వమని అడుగుతారు, దానికేమంటారు?

నర్సమ్మ: ముందు మింగగలడో లేదో చూడండి. వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి చెంచాడు నీళ్ళు పొయ్యండి. దగ్గు వచ్చినా, గొంతు గురగురలాడినా రొట్టె పెట్టొద్దు, ముక్క ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ద్రాక్షరసంలో ముంచి పిండిన దూదితో పెదాలు తడిపితే చాలు. మెడలో డయాలసిస్ గొట్టం ఉన్నవాళ్ళని బాప్తిస్మానికని చెరువులో ముంచొద్దు, మురికి నీరు ఆ గొట్టం కాడ చేరితే సూటిగా రక్తంలోకే. దొంగకి బాప్తిస్మం లేదని మీరే అన్నారు కదా, ఆ ఇంట్లో కూడా అదే చెప్పండి. మరొకటి, ప్రార్థనకి వచ్చేవాళ్ళ చేతిలో రెండు బొండాలుంటాయి. కొబ్బరి నేల కదా, మనకది మర్యాద. కిడ్నీ పోయిన ఒంట్లో పొటాషియం బయటికి పోదు, బొండాం నీళ్ళ నిండా అదే. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. మర్యాద ఇంటోళ్ళకి చెయ్యండి, రోగి నోట్లో పొయ్యకండి.

అయ్యగారు: ఇది నేను కూడికలో చెప్తాను. ఇక నా ఫిర్యాదు వినండి. మీరు తేట రోజు కోసం ఆగమంటారు. కానీ ఇంట్లోవాళ్ళు డాక్టరు చెప్పింది దాచేస్తారు. 'బాగైపోతాదని చెప్పండి అయ్యగారూ, లేకపోతే బెంగెట్టుకుంటాడు' అని గుమ్మం దగ్గరే నా చెయ్యి పట్టుకుంటారు. పోతానని తెలియని మనిషి దేనికి సిద్ధపడతాడు? యెషయా ప్రవక్త జబ్బుపడ్డ హిజ్కియా రాజుతో సూటిగానే అన్నాడు, "నీవు మరణమవుచున్నావు, బ్రదుకవు గనుక నీవు నీ యిల్లు చక్కబెట్టుకొనుము" అని. దాచిపెట్టి స్వస్థత కూడికలు మాత్రం నడిపిస్తారు. అలా నడిపించే పాస్టర్ల మీదా నాకు కోపమే.

నర్సమ్మ: ఆ మాట మీరే ఎత్తేరు, బాగుంది. యెషయా చెప్పింది 'ప్రార్థన చేసుకో' అని కాదు, 'ఇల్లు చక్కబెట్టుకో' అని. హిజ్కియాకి ఆ తరవాత పదిహేనేళ్ళు ఆయుష్షు దొరికింది. మనవాళ్ళు ఆ పదిహేనేళ్ళూ ముందే వాడీసుకుని ఆఖరి రెండు రోజులకి మీ కోసం కబురు పెడతారు. ఆర్‌సీఎం వాళ్ళు, అదే కాథలిక్కులు, సైతం దీన్ని ముందుకి జరిపేరు. పూర్వం ప్రాణం పోయే వేళకే తైలం, 'అవస్థ అభ్యంగనం' అనేవారు. 1963లో రెండో వాటికన్ మహాసభ అది కొనఊపిరితో ఉన్నవాళ్ళకి మాత్రమే కాదని రాసింది.

అయ్యగారు: ఇల్లు చక్కబెట్టడమంటే ఏమిటో అది చెప్పండి మరి, వాటికన్ దాకా ఎందుకు.

నర్సమ్మ: మూడో మాటే. తల్లి కింద నిలబడి ఉంది, తన ఊపిరి ఆగిపోతోంది. అప్పుడాయన ఏటి చేసేడు? తల్లితో ఒక మాట, శిష్యుడితో ఒక మాట, ఇద్దరికీ ఎదురుగా, విడివిడిగా చెప్పేడు. ఆ గడియనుంచి శిష్యుడు ఆమెను ఇంట చేర్చుకున్నాడు. మన ఇళ్ళలో కొడుకు పోతే తల్లికి ఏటి వస్తుందో తెలుసా? 1925 నాటి భారత వారసత్వ చట్టం, 33వ సెక్షను. క్రైస్తవుడు వీలునామా లేకుండా పోతే అతని ఆస్తిలో భార్యకి మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకి, ఆడా మగా సమానం. పిల్లలున్నప్పుడు కన్నతల్లికి పైసా రాదు.

అయ్యగారు: హిందూ చట్టంలో తల్లికి వాటా ఉంది కదా?

నర్సమ్మ: ఉంది. 1956 చట్టంలో తల్లి, భార్య, పిల్లలు ఒకే వరసలో వారసులు. ఆదివారం ఒక మతం, సర్టిఫికెట్ మీద ఒక మతం ఉన్న ఇంట్లో ఏ చట్టం వర్తిస్తుందో తేల్చడానికే కోర్టుకెళ్ళాల. తేలేసరికి ముసలమ్మ ఉండదు. అందుకని రాసీమంటాను. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరక్కర్లేదు. సర్వే నంబరు, సెంట్లు, నాలుగు హద్దులు. 'మా అమ్మ బతికినన్నాళ్ళు వీధి గదిలో ఉండాలి, జీడితోట ఫలసాయంలో నాలుగో వంతు ఆమెది, ఆ తరవాత పిల్లలది' అని తేటగా రాయాల. సంతకం గాని వేలిముద్ర గాని పెట్టాల. అది చూసిన ఇద్దరు సాక్షులు ఆయన ఎదుటే సంతకాలు చెయ్యాల. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తగువు తగ్గుతుంది. ఎక్కువమంది బోల్తాపడేది సాక్షుల దగ్గరే. సాక్షికి గాని, సాక్షి భార్యకి గాని, భర్తకి గాని ఏదైనా రాస్తే వీలునామా నిలబడుతుంది, వాళ్ళకి రాసింది మాత్రం చెల్లదు. ఇంకోటి, రాసేక పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా రద్దు. రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళు మళ్ళీ రాయాల.

అయ్యగారు: సంఘానికి రాయాలనుకుంటే?

నర్సమ్మ: రాయొచ్చు. పూర్వం ఆ 1925 చట్టంలోనే 118వ సెక్షను ఉండేది. దగ్గరి చుట్టాలున్న క్రైస్తవుడు ధర్మానికి, మతానికి రాసే వీలునామా చావుకి పన్నెండు నెలల ముందు రాసినదై ఉండాలని. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మిగతావాళ్ళకి లేని ఆంక్ష క్రైస్తవులకెందుకని. కొట్టెయ్యడం న్యాయమే. కానీ ఆ సెక్షను పుట్టించిన భయం ఉంది చూసేరా, మంచం పక్కన కూర్చున్నవాడు ఆస్తి రాయించుకుంటాడేమోనన్నది, అది ఏ కోర్టూ కొట్టెయ్యలేదు. ప్రార్థనకి వెళ్ళిన రోజున కాగితం తియ్యకూడదు.

అయ్యగారు: దానికి నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు నా ప్రశ్న. సెంటు భూమి లేనివాడు వస్తాడు. రోజు కూలి, చెన్నైలో సెంట్రింగు పని చేసి ఒళ్ళు పాడై తిరిగొచ్చాడు. మీ వీలునామాలో వాడికి చోటెక్కడ? వాడికి నా రెండో మాటే దిక్కు. ఏమీ లేనివాడు కూడా పట్టుకోగలిగిందే సువార్త. దాన్ని ఆస్తిపరుల వ్యవహారం చేసేస్తున్నారు మీరు.

నర్సమ్మ: ...ఆ మాట కొట్టిపారెయ్యలేను. కానీ ఏమీ లేనివాడు ఉండడయ్యగారూ, అప్పులైనా ఉంటాయి. చీటీ ఎన్నో వాయిదాలో ఉంది, ఎవరికెంత బాకీ, ఎవరి దగ్గర రావాల, నూటికి ఎంత వడ్డీ, అది పెళ్ళానికి తెలియదు. ప్రోనోటు మూడేళ్ళు దాటితే కోర్టులో చెల్లదు, ఇచ్చినోడు గుమ్మం మీదకి రాక మానడు. డయాలసిస్ పింఛను నెలకి 10,000 రూపాయలు మనిషితోపాటే ఆగిపోతుంది. ఆ మర్నాటి నుంచి ఏటి తింటారో ముందే అనుకోవాల. ఒకే పేజీలో రాసి సంతకం పెట్టమనండి. అన్నదమ్ముడితో మాటల్లేకపోతే ఆ తేట రోజునే పిలిపించమనండి. తిమోతికి పౌలు రాసింది మీకు నేను చెప్పాలా, తన యింటివారిని సంరక్షించనివాడు "అవిశ్వాసికన్న చెడ్డవాడై యుండును."

అయ్యగారు: అందులో భూస్థాపన సంగతీ చేర్చండి. కాల్చాలని చుట్టాలు, పాతాలని సంఘం, శవాన్ని మధ్యలో పెట్టుకుని కొట్లాట. ఊళ్ళో సమాధుల తోట లేకపోతే అది రెట్టింపు. ఎక్కడ పెట్టాలో, ఎవరి కోసం ఎంతసేపు ఆగాలో ముందే రాయించుకోవాలి. గుజరాత్ వెరావల్లో చేపల వేటకెళ్ళిన కొడుకు కోసం ఫ్రీజర్ పెట్టెలో ఎన్ని రోజులు? అదీ రాయాలి.

నర్సమ్మ: పోయిన 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించాలనీ రాయండి. ఆ సర్టిఫికెట్ లేకపోతే బ్యాంకులో ఏదీ కదలదు. ఇంతకీ శుక్రవారం నాకెన్ని నిమిషాలు?

అయ్యగారు: ఒక్కొక్కరికి ఇరవై.

నర్సమ్మ: నాకు పదిహేను చాలు. మిగతా అయిదు నిమిషాల్లో తెల్లకాగితాలు పంచుతాను.

అయ్యగారు: గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో వీలునామాలా!

నర్సమ్మ: ఆ రోజు సంతకాలొద్దు. ఇంటికి పట్టుకెళ్ళి రాసుకోమంటాను. సాక్షులు ఈస్టరు తరవాతి ఆదివారం.

అయ్యగారు: సాక్షి సంతకం నన్ను పెట్టమంటారేమో, నేను పెట్టను.

నర్సమ్మ: పెట్టొచ్చండి. లోపల మీ పేరుగాని పాస్టరమ్మగారి పేరుగాని లేకుండా చూసుకోండి.