చేతులు కట్టుకున్న పెద్దాయన

మా ఆఫీసులో ఓ ఆదివారం బాడీ లాంగ్వేజ్ మీద రెండు గంటల క్లాసు పెట్టారు. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమేనట. గొంతుది 38, మొహానిది 55. చేతులు కట్టుకున్నాడంటే మనసుకి తలుపేసుకున్నట్టు, ముక్కు రుద్దుకుంటే ఏదో దాస్తున్నట్టు, గుమ్మం వైపు చూస్తే ఎప్పుడు లేద్దామా అనుకుంటున్నట్టు. మా పర్లాకిమిడిలోనే ఉండి గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. అదే ఊళ్లో నేను, మధ్యలో సమోసా తింటూ, రెండు గంటల్లో మనుషులందరి భాషా నేర్చేసుకున్నాను.

తర్వాతి ఆదివారం మా మేనకోడలికి పెళ్లిచూపులు. అబ్బాయి వాళ్లది పాతపట్నం. పక్క ఊరే, కాకపోతే పక్క రాష్ట్రం. 1936లో ఒడిశా ఏర్పడి మధ్యలో గీత పడింది గానీ ఇటూ అటూ ఉడికేది అదే వంకాయ.

"నీకేదో వచ్చట కదా, ఆ పెద్దాయన్ని కాస్త కనిపెట్టి ఉండు" అన్నాడు బావ. ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది.

అబ్బాయి తండ్రి వస్తూనే చేతులు గట్టిగా కట్టుకుని కూర్చున్నారు. అక్క ఛెనాపోడొ మిఠాయి, పకోడీలు తెచ్చి పెట్టింది. ఆయన కుడిచెయ్యి మాత్రం బయటికి తీసి, పకోడీ అందుకుని, ఎడంచేతిని గుండెల మీంచి కదల్చకుండా తిన్నారు. అన్ని పకోడీలూ అలాగే తిన్నారు. తలుపుకి గడియ కూడా పడిందన్నమాట, అనుకున్నాను. పిల్ల వచ్చి కూర్చుంది. ఆయన దాని వైపు అర నిమిషం చూసి గుమ్మం వైపు తిరిగారు. కాసేపు షోకేసులో కొమ్ముతో చేసిన కొంగని చూశారు. మళ్లీ గుమ్మం. ఆ పైన ముక్కు రెండుసార్లు గట్టిగా రుద్దుకున్నారు.

బావని వంటింట్లోకి లాక్కెళ్లి చెప్పాను. "లాభం లేదు బావా. నచ్చలేదు, పైకి చెప్పట్లేదు."

బావకి పౌరుషం ఎక్కువ. వాళ్లు కాదనేలోపు తనే అనేయాలి. హాల్లోకి వెళ్లి, "మాకూ తొందరేం లేదండి, బరంపురం సంబంధం ఒకటి చూస్తున్నాం" అన్నాడు. బరంపురంలో మాకు సంబంధం కాదు కదా, తెలిసిన కొట్టు కూడా లేదు.

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అదేటండీ, మాకు పిల్ల నచ్చింది కదా!" అంటూ పెద్దాయన రెండు చేతులూ చాపి లేచారు. చొక్కాకి నడిమి గుండీలు రెండు లేవు. లోపల బనియన్‌కి రూపాయి బిళ్లంత చిల్లు. "బస్సులో తోపులాటకి ఊడిపోనాయండి" అని మళ్లీ చేతులు కట్టేసుకుని, వంటింట్లోంచి వస్తున్న ఎండుమిరప తాలింపు ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి, గుమ్మం వైపు చూసి, "అయ్యో, నా చెప్పు!" అన్నారు. కొత్త చెప్పులట. వచ్చినప్పటి నుంచీ ఓ వీధికుక్క వాటి చుట్టూ తిరుగుతోందట. ఇప్పుడక్కడ ఒకటే ఉంది. ఆయన వీధిలోకి పరిగెత్తారు, వెనకాల అబ్బాయి.

"మావయ్యా" అంది మేనకోడలు. అది సైకాలజీ చదివింది, ఆ సంగతి నేను మర్చిపోయాను. "ఆ 7, 38, 55 మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు లెక్క. 1967 నాటి రెండు ప్రయోగాల్లోంచి తీశాడు. ఒకదాంట్లో 'మేబీ' అన్న ఒక్క మాటనే మూడు రకాల గొంతుతో వినిపించి, మొహాల ఫొటోలు చూపించి, ఇష్టమా అయిష్టమా చెప్పమన్నారు. ప్రతి మాటకీ ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడు. పకోడీ తింటున్న మామగారికి అదెలా పెడతావు?"

మామగారట. దాని మొహంలో ఏమీ లేదు, గొంతులో ఏమీ లేదు. పిల్లకి సంబంధం ఇష్టమేనని ఆ 7 శాతంలోనే తెలిసిపోయింది.

చెప్పు దొరికింది, పట్టీ ఒకటి తెగింది. పెద్దాయన తిరిగొచ్చి కూర్చున్నాక బావ గొంతు సవరించుకుని, "అయితే ముహూర్తం పెట్టించమంటారా?" అని అడిగాడు. ఆయన తల అడ్డంగానూ కాక నిలువుగానూ కాక, గాలికి కొబ్బరాకులా ఊపారు.

ఇంట్లో వాళ్లంతా నా వంక చూశారు. నేను కొమ్ము కొంగ వంక చూశాను.