తుంగభద్ర పూడికను ఎక్కడ కొలవాలి?

తుంగభద్ర జలాశయం పూడిక తేల్చడానికి అప్పుడప్పుడు దాని లోతు కొలిచే సర్వే సరిపోతుందా, ఏటి నీళ్లు పట్టి బురద తూచాలా? వాదన ఇది.

జలాశయం తరఫు: లెక్క తేటగా ఉందండీ. 1953లో సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. 2008 సర్వేలో తేలింది 100.855. ఎగువ కాలువ కింద అనంతపురం రైతుకు కావలసిన అంకె ఇదే. సీసాడు నీళ్లతో ఇది వస్తుందా?

నది తరఫు: మరి 2016 సర్వేలో 105.788 ఎలా వచ్చింది? జలాశయం ఐదు టీఎంసీల మట్టిని తనంతట తానే కక్కుకుందా?

జలాశయం తరఫు: కొలిచే తీరు మారితే అంకె మారుతుంది. ఎన్ని చోట్ల లోతు చూశారన్నదీ లెక్కే.

నది తరఫు: ఆ తేడాలోనే ఎనిమిదేళ్ల ఒండ్రు కనబడకుండా పోయింది! అది తుంగ తెచ్చిందో, వరదా నది తెచ్చిందో మీ సర్వే చెప్పదు. ఏటి లోతులో పైనుంచి పదింట ఆరు వంతుల దగ్గర సీసా ముంచి, నీళ్లు వడగట్టి, మట్టిని ఆరబెట్టి తూచితే తెలుస్తుంది. 0.2 మిల్లీమీటర్లు దాటిన రేణువు ముతక, 0.075 లోపుది మెత్తన; ఏది ఎంతో విడివిడిగా చెప్పవచ్చు.

జలాశయం తరఫు: అడుగున దొర్లే ఇసుక మీ సీసాకు అందదు. అర్ధరాత్రి ఏరు పొంగితే, పొద్దున పట్టిన నీళ్లనే ఆ రోజంతటికీ సాక్ష్యమంటారు.

నది తరఫు: దొర్లే ఇసుక మాట ఒప్పుకుంటాను. రాత్రి పొంగుకు మాత్రం మసకను చూసే సెన్సర్ ఉంది. నీళ్లలో కాంతి ఎంత చెదిరిందో అది నిమిషనిమిషానికీ నమోదు చేస్తుంది. అయితే బరువు ఒకటే అయినా బంకమట్టి దానికి ఇసుక కంటే ఎక్కువ మసకగా కనబడుతుంది. అందుకే సీసాతో సరిచూడాలి, అదీ వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడే. ఏడాది బురదలో అధిక భాగం ఆ కొద్ది రోజుల్లోనే వస్తుంది.

జలాశయం తరఫు: తీయలేని మట్టికి ఇంత లెక్క దేనికి? 2016 అంకె ప్రకారమే పూడిక సుమారు 75 కోట్ల ఘనపు మీటర్లు. ఎక్కడ పోస్తారు?

నది తరఫు: తీయడానికి కాదండీ, రాకుండా ఆపడానికి. ఏ ఉపనది ఎంత తెస్తోందో తెలియకుండా ఏ వాలులో గట్లు వేస్తారు?

జలాశయం తరఫు: పోయిన నీటికి బదులుగా కర్ణాటకలోని నవలి దగ్గర మరో జలాశయం ప్రతిపాదించారు. దానికి ఆధారం నా సర్వేయే.

నది తరఫు: దాన్ని నింపేదీ వరద నీళ్లతోనే, అంటే ఎర్రనీళ్లతోనే. ఆ నీళ్లలో లీటరుకు ఎన్ని గ్రాముల మట్టి ఉందో తూచకుండా దాని ఆయుష్షు ఎలా లెక్కకడతారు?