మారిస్ స్మిత్ విజయం: కాళ్లదా, ఊపిరిదా?

1997 జులై 27న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (గుద్దులు, తన్నులు, పట్లు కలగలిసిన పోరు) పోటీ యుఎఫ్‌సీ 14లో కిక్‌బాక్సర్ మారిస్ స్మిత్, అప్పటిదాకా ఓటమి ఎరుగని రెజ్లర్ మార్క్ కోల్మన్‌ను ఓడించి హెవీవెయిట్ టైటిల్ గెలుచుకున్నాడు. ఈ క్రీడలో స్ట్రైకర్లకు, అంటే గుద్దులు, తన్నులతో పోరాడేవాళ్లకు, దారి వేసినవాడు స్మిత్ అన్నది వాది పక్షం. ఆ కీర్తి అతని అర్హతకు మించినదన్నది ప్రతివాది పక్షం.

వాది: 1993లో డెన్వర్‌లో జరిగిన మొట్టమొదటి యుఎఫ్‌సీలో బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒకే చేతికి గ్లవ్ తొడుక్కుని వచ్చి, పట్లతో లొంగదీసే జుజిట్సు విద్య యోధుడు రాయిస్ గ్రేసీ మీదికెక్కగానే లొంగిపోయాడు. గుద్దేవాడు, తన్నేవాడు నేలమీద పడితే ఇక పనికిరాడన్న అభిప్రాయం నాలుగేళ్లపాటు అలాగే స్థిరపడింది. తలతో పొడవడానికి కూడా అనుమతి ఉన్న ఆ రోజుల్లో, పడగొట్టి మీద కూర్చుని కొట్టే కోల్మన్ దాన్ని మరింత బలపరిచాడు. దాన్ని తిరగరాసినవాడు స్మిత్.

ప్రతివాది: తిరగరాసిందెవరో పోటీని మళ్లీ చూస్తే తెలుస్తుంది. మొదటి నిమిషాల్లో స్మిత్ వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రత్యర్థులను త్వరగా ముగించడానికి అలవాటుపడిన కోల్మన్, బలమంతా ముందే ఖర్చుపెట్టి, తర్వాత రొప్పుతూ నిలబడడమే కష్టమైన స్థితికి వచ్చాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు.

వాది: గంధర్వులు పిలవకుండా రాలేదండీ! జపాన్‌లోని పాంక్రేస్ పోటీల్లో కెన్ షామ్రాక్, బాస్ రుటెన్ పట్లకు లొంగిపోయిన స్మిత్, ఆ ఓటముల తర్వాత మరో యోధుడు ఫ్రాంక్ షామ్రాక్‌తో కలిసి సాధన చేశాడు. కాళ్లను ప్రత్యర్థి నడుము చుట్టూ బిగించి, తలనూ చేతులనూ దగ్గరకు లాక్కుని, గుద్దు ఎత్తడానికి జాగా లేకుండా చేయడం అతను నేర్చుకున్న గార్డ్. ఆ కింది నుంచే మోచేతులు విసిరాడు. కోల్మన్ అలసిపోలేదు, అలసిపోయేలా చేయబడ్డాడు. లేచాక తొడల మీద పడిన తన్నులకు అతనిలో జవాబు మిగలలేదు. పదిహేను నిమిషాలకు తోడు రెండు అదనపు రౌండ్లు కలిపి 21 నిమిషాలు గడిచాక న్యాయనిర్ణేతలు స్మిత్ పక్షాన తీర్పు ఇచ్చారు.

ప్రతివాది: గార్డ్ జుజిట్సు విద్య, దమ్ము వ్యాయామ ఫలితం. ఈ రెంటితో గెలిచినవాణ్ని స్ట్రైకర్ల మూలపురుషుడిగా ఎలా నిలబెడతారు? పైగా అదే ఏడాది డిసెంబరులో యోకోహామాలో, తొందరపడకుండా శక్తిని దాచుకుంటూ పట్టి పడగొట్టిన రాండీ కౌచర్ చేతిలో, అంతే 21 నిమిషాల పోటీలో, టైటిల్ పోయింది. దారి అంటే కనీసం ఏడాదైనా నడవగలిగేది కావాలి కదా.

వాది: టేక్‌డౌన్‌ను, అంటే పట్టి పడగొట్టడాన్ని, ఆపలేకపోవడం స్మిత్ లోపమే, ఒప్పుకుంటాను. అయితే కోల్మన్‌లా తొందరపడితే ఏమవుతుందో అప్పటికే అందరూ చూసి ఉన్నారు. బర్మింగ్‌హామ్ గాలివాటం గెలుపన్న అనుమానం ఉంటే, అంతకు ముందరి ఏడాది ఎక్స్‌ట్రీమ్ ఫైటింగ్ అనే మరో పోటీలో జుజిట్సు యోధుడు కోనన్ సిల్వేరాను మూడో రౌండులో తలకు తన్ని పడగొట్టడం, యుఎఫ్‌సీ 15లో ట్యాంక్ ఆబట్‌ను కాళ్లమీద తన్నుతూ ఓడించడం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతివాది: సిల్వేరా మీది గెలుపే కోల్మన్ మీది గెలుపు కన్నా శుభ్రమైన సాక్ష్యమని నేనూ అంటాను. కానీ 2003 నవంబరులో జపాన్‌లోని ప్రైడ్ పోటీల వేదిక మీద, కే-1 కిక్‌బాక్సింగ్ పోటీల నుంచి వచ్చిన మిర్కో క్రోకాప్ మొదటి రౌండంతా జుజిట్సు యోధుడు నొగేరాను చితక్కొట్టి, రెండో రౌండు మొదట్లోనే నేలకు చేరి, మోచేతిని వెనక్కి వంచే ఆర్మ్‌బార్ పట్టుకు లొంగిపోయాడు. ఆరేళ్ల తర్వాత కూడా స్ట్రైకర్ల స్థితి అదే అయితే మీ దారి ఎవరికి ఉపయోగపడింది?

వాది: క్రోకాప్‌కు ఆ రాత్రి తన్నుల కొరత లేదు. నొగేరా మీదికెక్కాక కాపాడుకోవడానికి ఏమీ మిగలలేదు. స్మిత్ తన ఓటముల నుంచి నేర్చుకున్నది అదే. నేర్చుకోనివాడు ఓడిపోవడం పాఠానికి తప్పెలా అవుతుంది?

ప్రతివాది: అయితే నేలమీద బతకడం నేర్చుకున్న స్ట్రైకర్‌గా గౌరవించండి, నాకు అభ్యంతరం లేదు. తన్నులతోనే టైటిల్ గెలిచాడంటే మాత్రం ఆ 21 నిమిషాలను మళ్లీ మొదటి నుంచి వేయిస్తాను.