సవరణ: వీవ్ పోల్స్ దగ్గర ‘ఎడమ భుజం’ ఎవరిది?

మొన్న వీవ్ పోల్స్ గురించి, అంటే కుక్కల అడ్డంకుల పరుగు పోటీలో (అజిలిటీ) కుక్క మెలికలు తిరుగుతూ దూరాల్సిన నిలువు కర్రల వరుస గురించి, రాసినప్పుడు “మొదటి కర్ర ఎడమ భుజం పక్కన ఉండాలి” అన్నాను. తిరుపతి, చిత్తూరు మిత్రులు కొందరు అది మనిషి భుజం అనుకున్నారు. కాదండీ, కుక్క భుజం. అది మొదటి, రెండో కర్రల మధ్యలోకి కుడి నుంచి ఎడమకు దూరాలి. మీరు ఏ పక్క పరిగెత్తినా సరే. నన్నడిగితే రెండు పక్కలా అలవాటు చేయండి. ఒక పక్కే నేర్పితే, రెండో పక్కకు మారగానే కుక్క తికమకపడి కర్ర వదిలేస్తుంది.

ఇంకో సందేహం చానల్ పద్ధతి మీద. కర్రలను రెండు వరుసలుగా విడదీసి, మధ్య దారిని రోజురోజుకూ ఇరుకు చేయమన్నాను కదా. తగ్గాల్సింది ఆ అడ్డం వెడల్పే. ముందుకు కర్రకూ కర్రకూ మధ్య 60 సెంటీమీటర్లు మారదు. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ కొలత అదే, పూర్తి వరుసకు 12 కర్రలు. మామిడితోటలో పాత పైపు ముక్కలు పాతుకునేవాళ్లు టేపు పెట్టి కొలవండి, అడుగులతో అంచనా వద్దు.

వేగం కావాలంటే బహుమతి చేతిలోంచి ఇవ్వకండి. చివరి కర్ర దాటుతుండగా బంతిని సూటిగా ముందుకు విసరండి. చేతికోసం తల తిప్పిన కుక్క పదకొండో కర్ర దగ్గరే బయటికొచ్చేస్తుంది.

ఎముకలు ఇంకా ఎదుగుతున్న కుక్కపిల్లలకు ఈ మెలికలు వద్దు. మన ఎండలకు సాధన పొద్దున్నే ముగించేయండి.