20 వేలకి బుల్లి డబ్బానా, పెద్ద క్యాబినెట్టా? బాబాయ్ వర్సెస్ చిట్టి

(మల్కాజిగిరిలో అద్దిల్లు. చిట్టి పాలిటెక్నిక్ కంప్యూటర్స్ సెకండియర్. పండగలకి పెద్దోళ్ళు చేతిలో పెట్టినవీ, కింది పోర్షన్ పిల్లలకి ట్యూషన్ చెప్పి దాచుకున్నవీ కలిపి 20,000 ఉన్నాయి. వాటితో కంప్యూటర్ కొనుక్కోవాలని. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల షాపులుండే చోటు) ఒక షాపాయన సెకండ్ హ్యాండ్ లెనోవో ఎం720క్యూ టైనీ అనే బుల్లి కంప్యూటర్ 14,500 చెప్పాడు. బాబాయ్‌కి అది కంప్యూటర్‌లాగే అనిపించట్లేదు.)

బాబాయ్: ఫోన్‌లో ఫోటో చూపించావు బాగానే ఉంది గానీ, ఇది సెట్‌టాప్ బాక్స్ కదే? దీనికి 14,500 ఆ? ఆ డబ్బుతో మంచి క్యాబినెట్, బోర్డు, ఎస్ఎంపీఎస్ (కరెంట్ సప్లై డబ్బా) అన్నీ కొని దగ్గరుండి అసెంబుల్ చేయించొచ్చు, నేను చేయిస్తా.

చిట్టి: చేయించొచ్చు బాబాయ్, కానీ అందులో ప్రాసెసర్ ఏం వస్తుంది? ఆ రేటుకి కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ అన్నీ రావు, మళ్ళీ నువ్వు తెచ్చేది ఏదో పాత మూడో జనరేషనో నాలుగో జనరేషనో లోపల పెట్టి, బయట అద్దం తలుపూ రంగు రంగుల ఫ్యాన్లూ ఉన్న డబ్బానే. దీంట్లో ఐ5-8500టీ ఉంది, 6 కోర్లు. చివర టీ అంటే 35 వాట్లలో నడిచే రకం, అందుకే ఇంత చిన్న డబ్బాలో పడుతుంది.

బాబాయ్: ఐ5 ఐ5 అంటావ్, మా ఆఫీసు పక్కన షాపులో ఐ7 వే 9 వేలకి ఇస్తున్నాడు తెలుసా.

చిట్టి: ఐ7 తర్వాత నంబర్ ఏంటో అడిగావా?

బాబాయ్: అదేంటి మళ్ళీ?

చిట్టి: ఐ7-6700 అయి ఉంటది. గీత తర్వాత మొదటి అంకె 6 అంటే ఆరో జనరేషన్. వాటిని మైక్రోసాఫ్ట్ విండోస్ 11 లిస్టులో పెట్టలేదు, విండోస్ 10 కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. అందుకే ఆరో జనరేషన్, ఏడో జనరేషన్ మిషన్లు అంత చీప్‌గా అమ్ముతున్నారు, ఐ7 అని పెద్ద అక్షరాలు రాసి. ఇంటెల్‌లో ఎనిమిది నుంచే లెక్క. ఈ ఒక్క నంబర్ చూసుకుంటే సగం మోసం తప్పుతుంది, షాపువాళ్ళు మాత్రం అడిగేదాకా చెప్పరు.

బాబాయ్: సరే అది వదిలెయ్. పాత సామాను పాత సామానే. ఎవడో ఆఫీసులో ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ వాడి పడేసింది తెచ్చుకుని నువ్వు మురిసిపోతున్నావ్. కొత్తవే ఉన్నాయి కదా చిన్నవి, ఆన్‌లైన్‌లో చూశా, ఎన్100 అని, సంవత్సరం వారంటీ, సీల్ ప్యాక్.

చిట్టి: ఎన్100 నేనూ చూశా, చెత్త అనను. 6 వాట్ల చిప్ అది, అమ్మలాగా యూట్యూబ్ చూసుకుని కరెంట్ ఆఫీసు బిల్లులు కట్టేవాళ్ళకి హాయిగా సరిపోద్ది. కానీ 4 కోర్లే, ర్యామ్ సింగిల్ ఛానలే, అంటే ర్యామ్‌కి ఒకటే దారి, కొన్నిట్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, రేపు పెంచుకోలేం. ఈ టైనీలో ర్యామ్‌కి రెండు స్లాట్లు ఉన్నాయి, ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీకి ఒకటి, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌కి ఒకటి చోటుంది. ఇంక నువ్వు చెప్పే వారంటీ, ఆ బ్రాండు పేరు పలకడం నీకొచ్చా?

బాబాయ్: (నవ్వు ఆపుకుంటూ) రాదు.

చిట్టి: మరి పాడైతే ఎవరికి పంపిస్తావ్?

బాబాయ్: నీ సీటీసీ వాడు మాత్రం జీవితాంతం చూస్తాడా?

చిట్టి: నెల రోజులు అన్నాడు. అంతకంటే ఎక్కువ నేనూ నమ్మట్లేదు.

బాబాయ్: అదీ నిజాయితీ! ఇప్పుడు అసలు పాయింట్ విను. పెద్ద క్యాబినెట్‌లో ఎస్ఎంపీఎస్ పోయిందనుకో, ఏ వీధి చివర షాపులో అయినా దొరుకుద్ది, నలభై నిమిషాల పని. బోర్డు పోతే ఆ సాకెట్‌కి సరిపోయే ఇంకో కంపెనీ బోర్డు పెట్టుకుంటాం. ఈ టైనీ బోర్డు పోతే? అదే మోడల్ బోర్డు వెతుక్కోవాలి, దొరికినా వాడు చెప్పిందే రేటు. ఇంతింత ఇరుకు డబ్బాల్లో వేడి కూడా ఎక్కువ, ఎండాకాలం మన డాబా కింద గది ఎలా ఉంటదో నీకు తెలీదా?

చిట్టి: బోర్డు విషయం ఒప్పుకుంటా, దానికి నా దగ్గర జవాబు లేదు. కరెంట్ వైపు మాత్రం భయం లేదు, దీనికి ఎస్ఎంపీఎస్సే లేదు, లెనోవో ల్యాప్‌టాప్ ఛార్జరే వాడుకుంటది, ఆ పసుపు రంగు చదరం పిన్ను ఉంటది చూడు, 65 వాట్లది. వేడికేమో, ఆఫీసులో ఏళ్ళు నడిచింది కాబట్టి ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్ట్ ఎండిపోయి ఉంటది, వెనక ఒక్క స్క్రూ తీస్తే మూత వచ్చేస్తుంది, దుమ్ము ఊది కొత్త పేస్ట్ రాస్తే ఫ్యాన్ అరుపు తగ్గుద్ది. ఇంకోటి, ఈ ఇంట్లో టేబుల్ ఒక్కటే. దాని మీదే తమ్ముడి పుస్తకాలు, దాని మీదే అమ్మ ఇస్త్రీ. నీ క్యాబినెట్ ఎక్కడ పెట్టమంటావ్, బీరువా మీదా?

బాబాయ్: ల్యాప్‌టాప్ కొనుక్కో అయితే! కరెంట్ పోయినా బ్యాటరీ ఉంటది.

చిట్టి: 14 వేలకి వచ్చే పాత ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ అరగంట ఆగితే గొప్ప, తెర మడత కీలు లూజు, కీబోర్డులో నాలుగు అక్షరాలు పనిచెయ్యవు. మనకి ఇన్వర్టర్ ఉందిగా, వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటది, అది నొక్కి ఉంచితే కరెంట్ పోయినప్పుడు ఇది ఆఫ్ అవ్వకుండా లాగేస్తుంది. ఇప్పటిదాకా ఎవరూ ఆ స్విచ్ ముట్టుకోలేదు, రౌటర్ ప్రతిసారీ రీస్టార్ట్ అయ్యేది అందుకే.

బాబాయ్: మీ సార్ ఏదో రాస్ప్‌బెర్రీ అన్నాడన్నావ్?

చిట్టి: రాస్ప్‌బెర్రీ పై 5, ఒకే బోర్డు మీదుండే బుల్లి కంప్యూటర్. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులకి మంచిదే, కానీ నాకు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో కావాలి, అది దాని మీదకి రాదు. కాలేజీ ల్యాబ్‌లో ఇంకా పాతకాలం టర్బో సీ నీలం స్క్రీనే చూస్తున్నాం, ఇంట్లో అయినా ఈ కాలంది నేర్చుకోనీ.

బాబాయ్: మానిటర్ సంగతేంటి? దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. హాల్లో టీవీ ఉంది, దానికి తగిలించుకో, డబ్బు మిగులుద్ది.

చిట్టి: రాత్రి 7 నుంచి 10 దాకా ఆ టీవీ ముందు అమ్మని లేపి చూడు.

బాబాయ్: ...అది కష్టమే.

చిట్టి: పైగా అది 32 ఇంచుల హెచ్‌డీ రెడీ, అంత పెద్ద తెర మీద 1366 బై 768 చుక్కలే, రెండడుగుల దూరంలో కూర్చుని కోడ్ చదివితే అక్షరాలు బొంగరాల్లా తిరుగుతాయి. మిగిలిన 5,500లో సెకండ్ హ్యాండ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఒకటి, కీబోర్డు మౌసు. వైఫై కార్డు ఉందో లేదో చూడాలి, ఆఫీసుల్లో వైరుతో వాడతారు కాబట్టి చాలావాటికి అసలు పెట్టించరు, లేకపోతే యూఎస్‌బీ ముక్క ఒకటి కొనాలి.

బాబాయ్: ర్యామ్ ఎంత ఇస్తున్నాడు?

చిట్టి: 8. ఒకటే స్టిక్.

బాబాయ్: హా, దొరికావ్! 8 చాలదని పోయిన వారం నువ్వే అన్నావ్. ర్యామ్ రేట్లు ఎలా మండుతున్నాయో పేపర్లో చూడట్లేదా, ఏఐ కంపెనీలే అంతా కొనేస్తున్నాయంట. తర్వాత వేసుకుంటా అంటే కుదరదు, ఆ స్టిక్ తీయించి రెండు 8లు వేయించు, మొత్తం 16, ఇప్పుడే, అదే బేరంలో.

చిట్టి: ...ఇది మాత్రం కరెక్ట్ చెప్పావ్ బాబాయ్. రెండు స్టిక్‌లైతే డ్యూయల్ ఛానల్ కూడా అవుతుంది, అంటే రెండు దారులు, ఇందులో విడిగా గ్రాఫిక్స్ మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటది కాబట్టి గేములకీ తేడా తెలుస్తుంది.

బాబాయ్: గేములా? ప్రాజెక్టు అన్నావ్?

చిట్టి: వాలొరెంట్, లో సెట్టింగ్స్‌లో, ఆదివారం మాత్రమే. దానికి కూడా విండోస్ 11లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం ఉండాలంటది, ఎనిమిదో జనరేషన్‌లో ఉంది, బయాస్‌లోకెళ్ళి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల స్క్రీన్) ఆన్ చేసుకోవాలంతే.

బాబాయ్: అందుకే చెప్తున్నా, క్యాబినెట్ అయితే రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవచ్చని.

చిట్టి: దీంట్లోనూ పెట్టొచ్చు, ఈ మోడల్‌లో స్లాట్ ఉంది. రైజర్ అని ఒక ముక్క విడిగా కొనాలి, పొట్టి కార్డే పట్టుద్ది, హార్డ్ డిస్క్ చోటు పోద్ది, ఛార్జర్ పెద్దది కావాలి. నీ క్యాబినెట్ అంత ఈజీ కాదులే. కానీ నా దగ్గర కార్డు కొనే డబ్బుంటే ఇద్దరం ఇలా కొట్టుకునేవాళ్ళమే కాదు.

బాబాయ్: నేనింకా క్యాబినెట్టే మేలంటా, అది నువ్వు రాసిపెట్టుకో. సరే శనివారం పోదాం. 16 ర్యామ్‌తో కలిపి 14,500 దాటితే లేచి వచ్చేద్దాం. బేరం నేనాడతా, నువ్వు నచ్చినట్టు మొహం పెట్టకు.

చిట్టి: నువ్వు బేరమాడు, నేను ఎఫ్1 నొక్కి బయాస్ చూస్తా. పాస్‌వర్డ్ అడిగిందంటే ఆ కంపెనీ లాక్ తియ్యకుండానే అమ్మేసిందని అర్థం, షాపాయన ఏం కాదమ్మా తర్వాత తీయిస్తా అంటాడు, అప్పుడు 5 వేలకిచ్చినా మనకొద్దు.

బాబాయ్: ఎస్ఎస్‌డీ కూడా చూడు, ఎంత అరిగిందో.

చిట్టి: క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకున్నా. నువ్వు మాత్రం అక్కడ సెట్‌టాప్ బాక్స్ అనకు.