మన లిపిలోనే ఉంది, మనమే చదవడం లేదు

‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. తమిళనాడు దక్షిణాన ఉన్న ఆ చిన్న సంస్థానంలోని విద్యావిలాసిని ముద్రాక్షరశాల దాదాపు 1,700 పుటల పుస్తకాన్ని తెలుగులో, తెలుగు లిపిలో అచ్చువేసింది. రాసినవారు సుబ్బరామ దీక్షితులు (1839–1906). కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామికి ఆయన దౌహిత్రుడు, దత్తపుత్రుడు కూడా. అప్పటి దక్షిణాదిలో విద్వాంసులు శాస్త్రం రాసుకునే భాషల్లో తెలుగు ఒకటి. అందుకే తమిళ గడ్డ మీద బతికిన ఆయన కలం తెలుగు పట్టింది. ఆయన పోయినప్పుడు ఆ ఊరివాడైన సుబ్రహ్మణ్య భారతి తమిళంలో స్మృతి పద్యాలు రాశాడు.

ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా ఇందులో స్వరంతో ఉన్నాయి. పదిహేడో శతాబ్దపు సంగీత శాస్త్రకర్త వేంకటమఖి పేర నిలిచిన లక్షణ గీతాలు (రాగ లక్షణం చెప్పే పాటలు), క్షేత్రయ్య పదాలు, 77 మంది విద్వాంసుల, వాగ్గేయకారుల చరిత్రలు కూడా ఉన్నాయి. తర్వాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ దీన్ని తమిళ లిపిలో అయిదు భాగాలుగా తెచ్చింది. నేడు తమిళ విద్యార్థి సులువుగా చదువుకునే ఈ పుస్తకాన్ని, మూలం ఏ లిపిలో ఉందో ఆ లిపి వచ్చిన మన విద్యార్థి తెరవడమే లేదు. ఇది మమ్మల్ని బాధిస్తోంది.

దీని విలువ కృతుల లెక్కలో లేదు, గమకాల గుర్తుల్లో ఉంది. గమకమంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరు. మన పాఠం పుస్తకాల్లో ‘గ’ అని రాసి వదిలేస్తాం. తోడి రాగంలో ఆ ‘గ’ను, అంటే ‘సాధారణ గాంధారం’ అనే స్వరాన్ని, హార్మోనియం మెట్టు మీద నొక్కినట్టు నిలబెడితే అది తోడి కాదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగితేనే తోడి. ఖరహరప్రియ రాగంలోనూ అదే గాంధారం, అక్కడి ఊపు వేరు. సుబ్బరామ దీక్షితులు ఈ తేడాను గురువు నోటికే వదిలేయకుండా స్వరం నెత్తిన గుర్తు పెట్టారు. స్వరం ఊగే కంపితానికి అలల గీత. స్ఫురితానికి మూడు చుక్కలు: ఆరోహణలో జంట స్వరాలు వచ్చినప్పుడు రెండోదాన్ని కింది స్వరం అంటి మీటాలి. జారుకు ఏటవాలు గీత, పైకైతే ఒక వైపు, కిందికైతే మరో వైపు. మీటిన స్వరాన్ని వదిలే క్షణంలో పై స్వరాన్ని తాకించి దిగితే ఒరిక. ఈ వివరణలన్నీ వీణ మెట్ల మీద వేళ్ల కదలికను బట్టి రాసినవి. కాబట్టి గాత్ర విద్యార్థి కూడా మొదటిసారి వైణికుడి పక్కన కూర్చుని చూడాలి.

చదవడంలో చిక్కు ఎక్కడ వస్తుందో చెప్పాలి. స్వరాక్షరం హ్రస్వమైతే ఒక మాత్ర (కాలం కొలత), దీర్ఘమైతే రెండు. ‘రి’, ‘ని’లకు గుడి ఉండేది అక్షరం నెత్తిన. పై స్థాయిని చూపే చుక్క, వేగాన్ని చూపే గీత, గమకం గుర్తు కూడా అక్కడే చేరతాయి. పాత అచ్చు మసకబారినచోట ‘రీ’ కాస్తా ‘రి’గా కనిపిస్తుంది. కంప్యూటరుతో అక్షరాలు గుర్తింపజేస్తే ఇదే తప్పు పుటలకు పుటలు పాకుతుంది. పట్టుకునే దారి లెక్కే. ఆదితాళంలో అక్షరానికి 4 మాత్రల చొప్పున ఆవర్తానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 32 రావాలి. 31 వస్తే ఎక్కడో గుడిదీర్ఘం పోయిందన్నమాట. రాగాల పేర్లు మరో తికమక. మేళమంటే ఇతర రాగాలకు మూలమైన రాగం. 22వ మేళం ఇక్కడ శ్రీరాగం, నేడు మనం చెప్పుకునే ఖరహరప్రియ కాదు. 28 హరికేదారగౌళ, 65 శాంతకల్యాణి. ఇది అసంపూర్ణ మేళ పద్ధతి, అంటే మేళ రాగంలో ఏడు స్వరాలూ వరసగా రావాలన్న నియమం లేనిది. ఇది చెప్పకుండా పుస్తకం చేతికిస్తే విద్యార్థి మొదటి రోజే మూసేస్తాడు.

రెండు రాష్ట్రాల సంగీత కళాశాలలనూ, తెలుగు విశ్వవిద్యాలయాన్నీ మేము కోరేది 1,700 పుటలూ ఒక్కసారిగా తిరిగి అచ్చు వేయమని కాదు. సుబ్బరామ దీక్షితులే 1905లో పిల్లల కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ రాశారు. మొదలు అక్కడ పెట్టవచ్చు. తర్వాత మాయామాళవగౌళ రాగం ఒక్కటే తీసుకోండి: లక్షణ శ్లోకం, గీతం, కృతులు, చివర ఆయన సంచారి (రాగం నడక చూపే స్వర రచన). దాన్ని నేటి అక్షరాల్లో, గుర్తులకు గుడికి పైన వేరే వరుస కేటాయించి కూర్చాలి. ప్రతి ఆవర్తం మాత్రలు ఇద్దరు విడివిడిగా లెక్కించాలి. వైణికుడి చేత నిదానంగా వాయించి ఆ ధ్వనిని పుటకు జతచేయాలి. డిప్లొమా పరీక్షలో ఒక గీతాన్ని గుర్తులు చూసి పాడే ప్రశ్న ఉండాలి. పరీక్షలో లేనిదాన్ని ఎవరూ నేర్పరు.

ఇదే ప్రమాణమని కచేరీల్లో పాడేవారిని తప్పుపట్టడానికి మాత్రం దీన్ని వాడకూడదు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో పోయారు, పుస్తకం 69 ఏళ్ల తర్వాత వచ్చింది. ఇది ఒక ఇంటి పాఠం, ఎంతో శ్రద్ధతో కాపాడిన పాఠం. మరో శిష్య పరంపర పాఠం వేరైతే రెండూ పక్కపక్కన పెట్టి వినాలి. అలా వినడానికైనా ముందు ఒకటి చదవడం రావాలి కదా. వచ్చే విద్యా సంవత్సరం పాఠ్యప్రణాళిక ఖరారు చేసేముందే ఈ మొదటి రాగాన్ని అందులో చేర్చాలి.